మొదటి గంప మన్ను

ఆ తుమ్మ మొద్దు ఇట్ల మంటలోకి తొయ్యండి నాయనా. కందికట్టె భగ్గుమని ఆరిపోతుంది, తుమ్మైతే తెల్లారేదాకా నిప్పు నిలుస్తుంది. బుడ్డలు కాలినాయేమో చూడండి.

పెద్దోడా, నువ్వు పొద్దున అన్న మాట నా మనసులోంచి పోలే. మీ ఆఫీసులో ఏదో పని చెడిపాయెనని, చెప్పినట్ల చేసిన పిల్లోన్ని ఇంటికి పంపిరని, చెయ్యమని చెప్పినాయన కుర్చీలోనే ఉండాడని అంటివి. ‘యాడైనా ఇంతే కదా జేజినాయనా’ అంటివి. యాడైనా ఇంతే కాదు నాయనా. ఇంకో తీరుగా జరిగింది నా కండ్లతో చూసినా. అది చెప్తా వినండి.

నాకప్పుడు పదేండ్లుంటాయి. ఊరంతా చెరువు మిందనే బతుకుతాండె. నీరుగంటి అంటే మీకు తెలీదు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారల్లనో చూసేది, తూము ఎత్తేది దించేది, రాత్రిపూట కట్టమింద తిరిగేది ఆయనే. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఆయన మేర ఆయనకు ఇస్తాండ్రి.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టె. మూడు దినాలు పొద్దు కనపడలే. నాలుగోనాటి రాత్రి తూము పక్కన కట్ట తెగె. తెల్లారి పోయి చూస్తే పొట్టకొచ్చిన వరి మింద మోకాలెత్తు ఇసుక మేట. మా నాయన మడిగట్టు యాడుందో వెతుక్కోవాల్సి వచ్చె.

రచ్చకట్ట కాడ జనం గుమిగూడిరి. ‘నీరుగంటి నిద్రపోయినాడు, అందుకే గండి పడె’ అని ఒకరు మొదలుపెట్టిరి. అదే మాట అందరి నోట్లో పడె. కట్టెలు కూడా లేచె. ఆయన తల వంచుకోని నిలబడినాడు, నోరు తెరవలే. అప్పుడు ఊరి పెద్దాయన లేచి అడ్డమొచ్చె. ‘వాన్నేమీ అనొద్దండి. తూము పక్కన చెమ్మ ఊరుతాండాదని నెల కిందటే నా గడపలో నిలబడి చెప్పినాడు. కోతలైనాక చూద్దాంలే అన్నది నేను. తప్పు నాది’ అనె.

ఊరంతా గమ్మునుండిపాయె. ఆయన తువ్వాలు తలకు చుట్టుకోని, గంప తీసుకోని కట్టమిందికి నడిచె. గండిలో మొదటి గంప మన్ను పోసింది ఆయనే. పంట పోయినోళ్లకు ఆ ఏడు విత్తనాలు ఆయన గాదెలోంచే వచ్చె.

ఆ మాట ఎంత బరువైందో నాకప్పుడు తెలీదు. రెండేండ్లకు తెలిసె. 1956లో, కర్నూలు ఇంకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు, సెప్టెంబరు 2 రాత్రి మహబూబ్‌నగర్ కాడ వానలకు రైలు వంతెన కూలిపాయె. నూరు మందికి పైగా సచ్చిపోయిరి. తుంగభద్ర దాటితే అంతా ఆ సీమే కదా, మనోళ్లు అల్లాడిపోయిరి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చె. నెహ్రూ తీసుకోలే. నవంబరు 23న మద్రాసు రాష్ట్రంలో అరియలూరు కాడ ఇంకో రైలు పడె. ఈ తూరి నూట నలభై మందికి పైనే. శాస్త్రి మళ్లీ కాగితం ఇచ్చె. ఈ తూరి నెహ్రూ తీసుకునె. ప్రమాదానికి శాస్త్రి కారణమని కాదు, ఇదొక మంచి పద్ధతిగా నిలవల్లని ఒప్పుకుంటాండానని పార్లమెంటులో చెప్పె.

మా అయ్యవారు పేపరు చదివి చెప్తాంటే నేను లేసి అడిగినా. ‘మంత్రి రైలు తోలినాడా అయ్యవారూ?’ అని. ‘తోలింది ఆయన కాదురా, జవాబు చెప్పాల్సింది ఆయన’ అనె. తప్పు చేసినోడు ఒకడు, జవాబుదారీ ఇంకొకడు. మా పెద్దాయన గంప ఎందుకు ఎత్తినాడో నాకు ఆ పొద్దు అర్థమాయె.

ఇంగ మన కర్నూలు ముచ్చట. 1962లో నీలం సంజీవరెడ్డి డోన్ నుంచి గెలిచి రెండో తూరి ముఖ్యమంత్రి ఆయె. మన జిల్లా పడమటి దిక్కు బస్సు రూట్లను ప్రైవేటోళ్ల చేతిలోంచి తీసుకునేకి సర్కారు పూనుకునె. నా మేనమామ అప్పుడు ఆదోని దిక్కు ఒక ప్రైవేటు సర్వీసులో క్లీనరు. బస్సుల ఓనర్లు కోర్టుకెక్కిరి. ‘మా జిల్లా వంతు ఇంకా రాలే. ఎలక్షన్లలో ఎదురు చేసినామని, ముఖ్యమంత్రి కక్షతో మమ్మల్ని ముందుకు లాగినాడు’ అనేది వాళ్ల వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా పాయె. 1964 మొదట్లో కోర్టు ఆ స్కీములను కొట్టేసె. ఆ తీర్పులో ఒక మాట ఉండాది, నేను మర్చిపోలేను. నింద వచ్చింది ముఖ్యమంత్రి మింద. కాదని చెప్పింది కింది అధికారులు. ఆయన సొంతంగా కాదనలే. కింది మనిషి కాగితం పై మనిషికి జవాబు కాదని కోర్టు పట్టుకునె.

ఆయన మనసులో కక్ష ఉండెనో లేదో నేను చెప్పలేను. శాసనసభలో ఆయనకు బలం ఉండె. దిగిపొమ్మని ఏ చట్టమూ చెప్పలే. అయినా ఆ ఫిబ్రవరిలోనే దిగిపాయె, కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా వచ్చె. కోర్టు వేలెత్తి చూపినాక ఆ కుర్చీలో కూర్చోగూడదనుకునె, అంతే.

మీరు బాగా వినాల్సింది తర్వాతి కథ. ఆ ఏడు జూన్‌లో శాస్త్రి ప్రధాని ఆయె. రైలు పడితే తానే బాధ్యుడినన్న ఆ మనిషే సంజీవరెడ్డిని పిలిచి కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిని చేసె. 1977లో రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లుంటే 41 కాంగ్రెసుకు పాయె. మిగిలిన ఒక్కటి నంద్యాల, అక్కడ గెలిచింది జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డి. ఏ జిల్లా బస్సుల కేసులో కుర్చీ దిగినాడో, ఆ జిల్లానే ఆయన్ను ఢిల్లీకి పంపె. ఆ జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి ఆయె. ఓటుకు కారణాలు శానా ఉంటాయి, నేను కాదనను. అయితే దిగిపోతే పేరు మట్టిలో కలుస్తుందని భయపడేవాళ్లు ఈ కథ గుర్తు పెట్టుకోవల్ల.

అట్లని ప్రతి తప్పుకూ రాజీనామా ఇచ్చి ఇంటికి పోతే సరిపోతుందని కూడా నేను చెప్పను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు మీ మేనత్త వాళ్లు మిద్దెమింద రెండు రాత్రులు గడిపిరి. శ్రీశైలం నీళ్లు ముందే వదిలుంటే అని జనం ఇప్పటికీ వాదిస్తాంటారు. 2021 నవంబరు వానలకు అప్పటి కడప జిల్లాలో పింఛా ప్రాజెక్టు కట్ట తెగె, ఆ వెనకాలే 19 తెల్లారుజామున చెయ్యేటి మింద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకపాయె. పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి ఇండ్లల్లో ఏడుపులే మిగిలె. అట్లాంటప్పుడు పైనాయన ఒక్క సంతకం పెట్టి చేతులు కడుక్కుంటే బురద ఎత్తేదెవరు? ముందు గండి కాడ నిలబడల్ల. ఎవరేం చెప్పినారో, తాను ఏం విన్లేదో దాచకుండా చెప్పల్ల. పోయినోళ్ల ఇంటికి పోవల్ల. కుర్చీ సంగతి ఆ తర్వాత. అయితే ఆ మాట రావాల్సిందే, దాన్ని కిందోళ్ల మిందికి తొయ్యగూడదు. నీళ్లు పల్లానికి పోతాయి, అది వాటి గుణం. నింద పల్లానికి పోతాండాదంటే అది మనుషులు తవ్విన కాలవ.

ఇప్పుడు మళ్లీ మన చెరువు కాడికి వస్తా. గండి పడిన మరుసటేడు మళ్లీ ముసురు. ఒక నడిరాత్రి పెద్దాయన తలుపు దబదబమనె. నీరుగంటి. ‘మరవ పక్కన కట్టలో చెమ్మ కనపడ్తాండాది’ అని చెప్పె. పెద్దాయన ‘రేపు చూద్దాం’ అనలే. లాంతర్లు లేచె, ఇంటికొకరు కదిలిరి. మా నాయన మన్ను తవ్వె, నేను గంప అందిస్తి. తెల్లారేసరికి ఆ చోటు గట్టిపడె. కట్ట నిలిచె. ఆ ఏడు వరి ఇంటికి వచ్చె.

ముందేడు రచ్చకట్ట కాడ నీరుగంటిని కొట్టనిచ్చుంటే, ఆ రాత్రి ఆయన ఆ తలుపు తట్టునా? భయపడినోడు చెమ్మ చూసి కూడా చూడనట్ల పోతాడు నాయనా. మీ ఆఫీసులో ఆ పిల్లోడు మూట కట్టుకోని పోతాంటే మిగిలినోళ్లంతా చూసింటారు. ఇంగ వాళ్లల్లో ఎవరూ ఏదీ చెప్పరు.

రేపు నీ చేతికింద పదిమంది ఉంటారు పెద్దోడా. చెమ్మ కనపడిందని చెప్పేకి ఎవరన్నా వస్తే, వాకిట్లో నిలబెట్టొద్దు. లోపలికి పిలిచి కూర్చోబెట్టు.