భీష్ముడు, ద్రోణుడు, మా వీధి ఆడపిల్లలు

తెలుగునాట అభిమానుల చరిత్ర అంటే ఇప్పటిదాకా చాలావరకు మగవాళ్ళ చరిత్రే. కటౌట్లు, పాలాభిషేకాలు, హాలు ముందు తోపులాటలు, సంఘాల మధ్య కొట్లాటలు నలుగురి కళ్ళముందు జరుగుతాయి కాబట్టి పత్రికలకెక్కాయి. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకుల పుస్తకాల్లోకీ వచ్చాయి. ఆడవాళ్ళ అభిమానానికి సంఘం లేదు, బ్యానరు లేదు, చందా పుస్తకం లేదు. అది వసారాల్లో, కుళాయి దగ్గర, పిల్లల ఆటల్లో నడిచింది. అలా నడిచిన ఒక అభిమానం గురించి, అందులో నాయకుడికీ ప్రతినాయకుడికీ దక్కిన చోటు గురించి ఇక్కడ రాస్తున్నాను. స్థలం విశాఖపట్నంలోని కంచరపాలెం. సందర్భం దూరదర్శన్ ప్రసారం చేసిన 'శక్తిమాన్'.

ఈ ధారావాహిక 1997 సెప్టెంబరు 13న మొదలై 2005 మార్చి దాకా సాగింది. మొదట్లో శనివారం వచ్చేది, తర్వాత ఆదివారం మధ్యాహ్నానికి మారింది. కథానాయకుడు పగలు గంగాధర్ అనే ఎత్తుపళ్ళ, కళ్ళద్దాల పత్రికా ఫొటోగ్రాఫరు. ఆపద వస్తే గిరగిరా తిరిగి శక్తిమాన్ అవుతాడు. ఆ శక్తి అతనికి యోగసాధన వల్ల, కుండలిని వల్ల వచ్చింది. అతని శత్రువు తమ్‌రాజ్ కిల్విష్ చీకటికి రాజు. లోకమంతా ఎప్పటికీ చీకట్లోనే ఉండాలన్నది అతని నినాదం. వీళ్ళిద్దరి మధ్య గీతా విశ్వాస్ అనే విలేఖరి. ఆమెకు ధైర్యం ఉంది, వృత్తి ఉంది, శక్తిమాన్ మీద ప్రేమ ఉంది. అతనేమో యోగి.

ఊర్వశి జంక్షన్ నుంచి మెట్టుదాకా పరుచుకున్న కంచరపాలెంలో అప్పట్లో చాలా ఇళ్ళు రైల్వే, పోర్టు, ఇండస్ట్రియల్ ఎస్టేట్ జీతాల మీదే నడిచేవి. మగవాళ్ళు షిఫ్టుల్లో ఉండేవారు, లేదా నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రలో ఉండేవారు. అందుకే పగటిపూట టీవీ ఆడవాళ్ళదీ పిల్లలదీ. టీవీ లేని ఇళ్ళ పిల్లలు పక్కింటి గుమ్మంలో కూర్చునేవారు. భాష హిందీ. రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకి కొంచెం వచ్చు, మిగిలినవాళ్ళకి వాళ్ళు చెప్పాలి. పెద్దవాళ్ళకి అదీ అక్కర్లేకపోయింది. మాట అర్థం కానప్పుడు మనిషి మొహాన్ని చూస్తాం. మొహాన్ని చూసినప్పుడు ఆ మొహం ఇంతకుముందు ఎక్కడ కనిపించిందో గుర్తొస్తుంది.

శక్తిమాన్‌గా వేసిన ముకేశ్ ఖన్నా 1988-90 నాటి బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో భీష్ముడు. కిల్విష్‌గా వేసిన సురేంద్ర పాల్ అదే 'మహాభారత్'లో ద్రోణాచార్యుడు. పిల్లలం మాకు ఈ సంగతి తెలియదు. మా మామ్మ మాత్రం మొదటి నెలలోనే పట్టేసింది. గీతా విశ్వాస్‌ని రాక్షసులెవరో ఎత్తుకుపోతుంటే మేం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాం. మామ్మ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే అంది: "ఈల్లిద్దరూ ఆ సబలో నోరు మూసుకు కూకున్నోల్లే గదే. ఇప్పుడీ పిల్లకేటి సేస్తారు?"

సిద్ధాంత గ్రంథాలు చదివే రోజులొచ్చాక కూడా ఇంతకంటే సూటి అయిన ప్రేక్షక విమర్శ నాకు కనిపించలేదు. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన రోజు భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. ద్రోణుడు అడ్డుపడలేదు. తర్వాత ఇద్దరూ ఒకే పక్షాన నిలబడి యుద్ధం చేశారు. ఏడేళ్ళు గడిచాక ఆ ఇద్దరు నటులే వెలుగు ఒకరు, చీకటి ఒకరు అయ్యారు. పిల్లలకి అది కొత్త కథ. మామ్మకి పాత సభే. ప్రేక్షకులు మొదటి భాగంతో మొదలవుతారని టీవీ వాళ్ళు అనుకోవచ్చుగానీ, ఆడవాళ్ళు వెనకటి లెక్కలన్నీ కొంగున ముడేసుకునే టీవీ ముందు కూర్చుంటారు.

ఈ పోలిక మామ్మ ఊహ మాత్రమే అనుకోనక్కర్లేదు. ముకేశ్ ఖన్నా తన నిర్మాణ సంస్థకి భీష్ముడి పేరే పెట్టుకున్నాడు. 'శక్తిమాన్' తీసింది ఆ సంస్థే. స్త్రీకి దూరంగా ఉండటం వల్ల మగవాడికి మహాశక్తి వస్తుందన్న పాత నమ్మకం భీష్ముడి నుంచి శక్తిమాన్‌కి నేరుగా వచ్చింది. ఆ నమ్మకానికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా మనకు తెలుసు. భీష్ముడి ప్రతిజ్ఞకి అంబ బతుకు బలైంది. శక్తిమాన్ యోగానికి గీత ఎదురుచూపు ఖర్చైంది. అభిమానులు మాత్రం ఈ నిగ్రహాన్ని గొప్పతనంగానే లెక్కగట్టారు.

ఆటలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా తేలేది. మగపిల్లలు ఎవరైనా శక్తిమాన్ కావచ్చు. కుడిచెయ్యి పైకెత్తి నాలుగు చుట్లు తిరిగితే చాలు. ఆడపిల్ల తిరిగితే గౌను లేస్తుందని ఎవరో ఒక పెద్దావిడ అరిచేది. కాబట్టి మేం గీతలం. గీత పని ఆపదలో పడటం. మేడమెట్ల మీద కూర్చుని, ఆట అయ్యేదాకా "కాపాడండి" అంటూ ఉండాలి. రెండు ఆదివారాలకే విసుగొచ్చింది. మిగిలింది కిల్విష్. ఆ వేషానికి చుట్లు తిరగనక్కర్లేదు, నల్లటి తువ్వాలు ఒకటి కప్పుకుంటే చాలు. కడుపులోంచి నవ్వాలి, చీకటి ఉండాల్సిందేనని వీధంతా వినబడేలా అరవాలి. ఆడపిల్ల గొంతెత్తి అరిచినా ఎవరూ ఏమీ అనని ఒకే ఒక్క సందర్భం మా బాల్యంలో అదే. ప్రతినాయకుడిని మేం ఇష్టపడింది అతని చెడుని చూసి కాదు. ఆ వేషంలో గొంతుకి జాగా ఉంది.

నాయకుడు వస్తాడన్న నమ్మకానికి మా ఊళ్ళో రెండో రోజే పరీక్ష ఎదురైంది. తొలిభాగం వచ్చిన మర్నాడే, 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున, విశాఖలోని చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగింది. సుమారు 60 మంది చనిపోయారు. నల్లటి పొగ కింద జనం పిల్లల్ని చంకనేసుకుని కాలినడకన ఊరు దాటారు. ఆ తర్వాత నెలల తరబడి మా ఆటలో పొగ వచ్చింది. మగపిల్లలు ఆ పొగని కిల్విష్ పంపాడనీ, శక్తిమాన్‌ని ఎవరూ పిలవలేదు కాబట్టే రాలేదనీ తేల్చారు. మొహం లేని ప్రమాదానికి ఒక మొహం తగిలిస్తే పిల్లలకి నిద్ర పడుతుంది. ఆ రోజు మమ్మల్ని ఎత్తుకుని నడిచిన ఆడవాళ్ళకి ఆటలో పాత్ర మాత్రం ఎవరూ ఇవ్వలేదు, మేమూ ఇవ్వలేదు.

తర్వాతి సంవత్సరాల్లో, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని దేశంలో కొన్నిచోట్ల పిల్లలు నిప్పంటించుకున్నారనీ, ఎత్తునుంచి దూకారనీ వార్తలు వచ్చాయి. ముకేశ్ ఖన్నా ఆ నిందని ఒప్పుకోలేదు. అయినా తనని అనుకరించవద్దని శక్తిమాన్ చేతనే పిల్లలకి చెప్పించారు. భాగం చివర మంచి అలవాట్ల పాఠం ఎలాగూ ఉండేది. మా వీధిలో ఆ వార్తల ఫలితం తల్లుల మీద పడింది. టీవీ ఎందుకు పెట్టావు, పిల్లల్ని ఎందుకు చూసుకోలేదు అని. నాయకుడిని నమ్మింది పిల్లలు, అమ్మింది టీవీ, సంజాయిషీ చెప్పుకున్నది అమ్మలు.

ప్రతినాయకుడిని ప్రేమించటం తెలుగువాళ్ళకి కొత్త కాదు. 'పాతాళభైరవి' (1951)లో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడిని, 'నర్తనశాల' (1963)లో ఆయన కీచకుడిని మూడు తరాలు అనుకరించాయి. ఎన్.టి. రామారావు 'సీతారామ కల్యాణం' (1961)లో రాముడి వేషం వదిలి రావణుడయ్యాడు. 'దానవీరశూరకర్ణ' (1977)లో ఆయన దుర్యోధనుడి సంభాషణలు కంఠతా రాని కాలేజీ కుర్రాడు ఒకప్పుడు అరుదు. స్త్రీని చెరబట్టినవాడు, సభలో అవమానించినవాడు, వెంటపడి వేధించినవాడు కూడా మన హాళ్ళలో ఈలలు అందుకున్నారు. వాళ్ళ చెడుకి ఠీవి అని పేరు పెట్టుకున్నాం.

ఇదే ఔదార్యం ప్రతినాయికకి దొరకలేదు. సూర్యకాంతం (1924-1994) నటనకి సాటి లేదని అందరూ ఒప్పుకుంటారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న 1962 నాటి సినిమాకి ఆమె పాత్ర పేరుతో 'గుండమ్మ కథ' అనే పేరు పెట్టారంటే ఆమె బలం ఎంతో ఊహించవచ్చు. కానీ ఆమె తర్వాత ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికి జనం జంకారని ఇప్పటికీ చెప్పుకుంటాం, నవ్వుకుంటూ చెప్పుకుంటాం. రంగారావు వేసిన కీచకుడు రంగారావుని అంటుకోలేదు. సూర్యకాంతం వేసిన అత్త మాత్రం సూర్యకాంతాన్నీ వదల్లేదు, ఊరూరా గొంతు పెద్దదైన ప్రతి ఆడదాన్నీ వదల్లేదు. ప్రేక్షకుల దృష్టిలో మగవాడు పాత్ర వేస్తాడు. ఆడది పాత్ర అయిపోతుంది.

ఇది మా వీధిలోనే జరిగింది. కిల్విష్ నవ్వు అందరికంటే బాగా నవ్వేది ఒకమ్మాయి. నాకంటే రెండేళ్ళు పెద్దది. ఆమె నవ్వితే మగపిల్లలు కూడా ఆట ఆపి చూసేవారు. మొదట వాళ్ళు ఆమెను కిల్విష్ అనే పిలిచేవారు, అది మెప్పే. పన్నెండేళ్ళు దాటాక పెద్దవాళ్ళు ఆ పేరు మార్చారు. "ఓలమ్మో, సూర్రకాంతం నవ్వేసింది" అనేవారు గుమ్మాల్లోంచి. అదే ఏడు స్కూలు వార్షికోత్సవంలో ఆమె తమ్ముడు దుర్యోధనుడి ఏకపాత్ర వేసి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్నాడు. వీధంతా వాడిచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఆ పేరు మాత్రం ఆమెతో పెళ్ళిచూపుల దాకా నడిచింది. గొంతు పెద్దదటగా అని ఒక సంబంధం వాళ్ళు నేరుగానే అడిగారు. ఆమె ఇప్పుడు గాజువాకలో ఉంటోంది. ఈ వ్యాసం కోసం ఫోన్ చేస్తే ఎంత మెల్లగా మాట్లాడిందంటే రెండుసార్లు మళ్ళీ చెప్పమనాల్సి వచ్చింది. ఆ నవ్వు గురించి అడిగాను. "అప్పుడే మానీసేనే" అంది.

ఇతర చోట్ల ఆడవాళ్ళు ఈ బొమ్మల్ని తమవి చేసుకున్న ఉదాహరణలు లేకపోలేదు. 1935లో 'హంటర్‌వాలీ'గా నాడియా కొరడా పట్టింది. 1972లో అమెరికన్ స్త్రీవాద పత్రిక 'మిస్' తన ముఖచిత్రంగా వండర్ ఉమన్‌ని నిలబెట్టింది. 'శక్తిమాన్' నడుస్తున్న రోజుల్లోనే, 1999లో, 'నరసింహ'లో రమ్యకృష్ణ నీలాంబరిగా వచ్చి మగ ప్రతినాయకుల ఠీవి ఆడదానికీ నప్పుతుందని చూపించింది. కానీ ఆ తర్వాత మన ఇళ్ళని ఆక్రమించిన రోజువారీ సీరియళ్ళు ఆ దారిన నడవలేదు. కిల్విష్‌కి లోకమంతా కావాలి. సీరియల్ ప్రతినాయికకి బీరువా తాళాలు కావాలి. ఆడవాళ్ళ దుర్మార్గాన్ని కూడా వంటింటి కొలతకే కుట్టారు. పైగా దాన్ని చూసే ఆడవాళ్ళని, ఏం చూస్తారో ఆ ఏడుపులు అని వెక్కిరించటం ఇంకో అభిమాన సంప్రదాయం.

ప్రతినాయక పక్షం నుంచి కథని తిరగరాసిన రచనలు మనకు ఉన్నాయి. ఓల్గా 'విముక్త'లో శూర్పణఖకి తోట ఇచ్చింది, సీతతో స్నేహం ఇచ్చింది. రాసే ఆడవాళ్ళు చేసిన ఈ పనిని చూసే ఆడవాళ్ళు కూడా తమ పద్ధతిలో చేశారని నా నమ్మకం. మా మామ్మ ఒక్క వాక్యంలో చేసింది. నల్ల తువ్వాలు కప్పుకున్న పిల్లలం తెలియకుండా చేశాం. వీటికి దస్తావేజు లేదు. ఆ మాటలు విన్నవాళ్ళు, ఆ ఆటలాడినవాళ్ళు ఇప్పుడు ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నారు. వాళ్ళని అడగాలి. ఏ వేషం ఇష్టం అని మాత్రమే అడిగితే చాలదు. ఆ వేషం ఎప్పుడు మానేశారు, ఎవరు మాన్పించారు అని కూడా అడగాలి. మన అభిమాన చరిత్రలో రాయాల్సిన తేదీలు అవే.