అట్ట మీద ముద్ర

జపాన్‌లో వేసవి సెలవులొస్తే పిల్లలకు పొద్దున్నే ఒక పని ఉంటుంది. మెడలో దారానికి అట్టముక్క వేలాడేసుకుని ఆరున్నరకల్లా దగ్గర్లోని పార్కుకు చేరాలి. రేడియోలో పియానో మొదలవగానే అందరి చేతులూ పైకి లేస్తాయి. పక్కనే తాతలు, బామ్మలు. మూడు నిమిషాలకు పైగా ఒళ్ళు వంచాక పిల్లలు వరసకట్టి, ఆనాటి గడిలో ముద్ర వేయించుకుంటారు. సెలవులు ముగిసేనాటికి గడులు నింపినవాళ్ళకు పెన్సిళ్ళో, నోటుపుస్తకాలో, చిరుతిళ్ళో దక్కుతాయి.

దీని పేరు 'రాజియో తైసో', అంటే రేడియో వ్యాయామం. దీనికి పురుడు పోసింది తపాలా శాఖ బీమా విభాగం!

జపాన్ ప్రభుత్వం 1916లో పోస్టాఫీసుల ద్వారా చిన్న మొత్తాల జీవిత బీమా ప్రారంభించింది. వైద్య పరీక్ష అక్కర్లేదు కాబట్టి సామాన్యులు కూడా చేరగలిగారు. 1920ల తొలినాళ్ళలో అక్కడి సగటు ఆయుర్దాయం 42, 43 ఏళ్ళే. పాలసీదారు పదికాలాలు బతికితే ఆ కుటుంబానికీ మేలు, బీమా నిధికీ మేలు. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ 1925 నుంచి రేడియోలో పొద్దుటి వ్యాయామం నేర్పుతూ ఉండేది. తపాలా అధికారులకు ఆ ఆలోచన నచ్చింది. హిరోహితో చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా 1928 నవంబరు 1న తొలి ప్రసారం జరిగింది.

అప్పటికి రేడియో ఉన్న ఇళ్ళు కొన్నే. 1930 వేసవిలో టోక్యోలోని కందా ప్రాంతంలో ఒక పోలీసు చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి, ఆరుబయట అందరి చేతా కలిపి చేయించాడు. ఇంట్లో ఎవరికి వారు చేసుకునేది అలా వీధి వేడుకైంది. త్వరలోనే దేశమంతటా పాకింది.

అయితే ఆ కలిసి కదలడమే యుద్ధకాలంలో పాలకులకు పనికొచ్చింది. జనాన్ని క్రమశిక్షణలో పెట్టే సాధనంగా దాన్ని వాడారు; కొరియా, తైవాన్ వలస రాజ్యాల్లోనూ చేయించారు. యుద్ధంలో ఓటమి తర్వాత జపాన్‌ను ఆక్రమించిన మిత్రరాజ్యాల అధికారులు అందులో సైనిక ఛాయలు చూశారు. 1947లో ప్రసారం ఆగిపోయింది.

1951లో కొత్త కదలికలతో, హట్టొరి తదాషి కట్టిన కొత్త సంగీతంతో మళ్ళీ మొదలైంది. ఇప్పుడు చేసేది అదే. మొత్తం 13 కదలికలు: ఒళ్ళు విరుచుకుంటూ చేతులు పైకెత్తడంతో ఆరంభం, నడుము పక్కలకు వంచడం, మొండెం తిప్పడం, గెంతడం, చివర నిండుగా ఊపిరి. మరుసటి ఏడాదే రెండో వరస వచ్చింది. 1999లో వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ వీలయ్యే మరో వరస జతైంది. కుర్చీలో కూర్చునీ చేయవచ్చు.

బీమా లెక్కల్లో పుట్టి, యుద్ధానికి ఊడిగం చేసి, నిషేధంలాంటి విరామాన్ని దాటిన ఈ అలవాటును నిలబెట్టింది ఇరుగుపొరుగే. చిన్నప్పుడు మెడలో అట్టతో పరుగెత్తుకొచ్చిన తరం, ఇవాళ మనవల అట్టల మీద ముద్రలు వేస్తోంది.