బస్తాలో రానిది

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్ళే రోడ్డు మీద, చోడవరం దాటాక తగిలే మండల కేంద్రం బుచ్చయ్యపేట. నిన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. వరి, చెరకు పండే నేల ఇది. అయినా ఇక్కడి సర్కారు బడిలో మధ్యాహ్నం వండే బియ్యం పక్క చేలోంచి నేరుగా రావు. రైతుల దగ్గర కొన్న ధాన్యం మిల్లులో ఆడించాక గోదాముకు చేరుతుంది. అక్కణ్ణుంచి పౌరసరఫరాల సంస్థ లారీల్లో మండల స్థాయి నిల్వ కేంద్రానికి, అంటే ఎంఎల్‌ఎస్ పాయింటుకు వచ్చి, హెడ్మాస్టరు పెట్టిన ఇండెంటు ప్రకారం బడికి అందుతుంది. ఐదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. ఇందుకు బడి పైసా కట్టనక్కర్లేదు. మధ్యాహ్న భోజనం గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ బియ్యం దగ్గరే ఆగిపోతాం: ఎన్ని బస్తాలు వచ్చాయి, తూకం సరిపోయిందా, పురుగు పట్టిందా అని. వందేళ్ళ చరిత్ర తిరగేస్తే మాత్రం, ఈ పథకం నిలబడినా కూలబడినా కారణం చాలాసార్లు బస్తాలో రానిదే. పప్పు, నూనె, పొయ్యి కిందికి కట్టెలు, అన్నిటికీ మించి వండే మనిషి కూలి.

ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1920లో, మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు పూట తిండి పెట్టడం మొదలుపెట్టింది. అప్పటి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఒక్కో పిల్లవాడికి ఒక అణాకు మించకూడదని లెక్క. పిల్లల హాజరు పెరిగింది, పథకం మరిన్ని బడులకు పాకింది. కానీ ఆ ఖర్చు ప్రాథమిక విద్యా నిధిలోంచి పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అడ్డుచెప్పడంతో 1925లో ఆగిపోయింది. పొయ్యి ఆర్పింది తిండిగింజల కొరత కాదు, ఆ అణా ఏ పద్దులో రాయాలన్న తగాదా.

తర్వాతి అధ్యాయం అమెరికాలో రాశారు. అక్కడి 1946 నాటి బడి భోజన చట్టం తన ఉద్దేశాలు రెండని దాచకుండా చెప్పింది: పిల్లల ఆరోగ్యం కాపాడటం, దేశంలో పండిన పంటకు గిరాకీ పెంచటం. 1954లో వచ్చిన పీఎల్ 480 చట్టం ఆ మిగులు పంటకు సముద్రం దాటే దారి చూపింది. 1960లలో కేర్ సంస్థ ద్వారా పాలపొడి, గోధుమ రవ్వ, మొక్కజొన్న-సోయా-పాలపొడి కలిపిన పిండి, వంటనూనె మన రాష్ట్రపు బడులకూ చేరాయి. ఆ తరం వాళ్ళు బడిలో తిన్న ఉప్మా అదే. దానం ఓడరేవు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి బడి గుమ్మం దాకా మోతా, నిల్వా, వంటా మన ప్రభుత్వాల మీద పడ్డాయి. ఇచ్చేవాళ్ళ మిగులు తగ్గితే, విధానం మారితే, ఆ ఉప్మా కూడా తగ్గిపోవలసిందే. ఆకలితో ఉన్న పిల్లలకు అది మేలు చేయలేదనను, చేసింది. అయితే పిల్లవాడికి ఏం కావాలన్నది ఆ పళ్ళెంలో రెండో ప్రశ్న, దాత దగ్గర ఏం మిగిలిందన్నదే మొదటిది.

మన గోదాములు నిండాక కూడా ఆ వరస మారలేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ పథకం ప్రారంభించి, రాష్ట్రాలకు భారత ఆహార సంస్థ గోదాముల నుంచి గింజలు ఉచితంగా ఇచ్చింది, రవాణాకు కొంత డబ్బిచ్చింది. వంటకు ఏమీ ఇవ్వలేదు. దాంతో చాలా రాష్ట్రాల్లాగే మనమూ వండి పెట్టకుండా, నెలకు 80 శాతం హాజరున్న పిల్లలకు 3 కిలోల బియ్యం చేతికిచ్చి పంపాం. ఆ పద్ధతే మేలు, టీచర్ల సమయం వృథా కాదు, వంటలో కల్తీ ఉండదు, బియ్యం ఇంటికే చేరతాయి అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో కొంత నిజముంది. కరోనా కాలంలో బడులు మూసినప్పుడు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు పంపడమే దారయింది. కానీ ఇంటికి వెళ్ళిన 3 కిలోలు ఇంటి కుండలో కలుస్తాయి. ఐదుగురున్న ఇంట్లో అవి ఐదుగురివి. పేద ఇంట్లో అందులో తప్పేమీ లేదు, తల్లి అలాగే చేస్తుంది. అప్పుడు ఆ బియ్యం ఇంటికి సాయమవుతుంది గానీ, మధ్యాహ్నం పన్నెండున్నరకు బడిలో ఆకలేసిన పిల్లకు అన్నం కాదు. ఏడేళ్ళపాటు మనం ఈ రెంటినీ ఒకటే అనుకున్నాం.

2001లో దేశం గోదాముల్లో సుమారు 6 కోట్ల టన్నుల గింజలు మూలుగుతున్నాయి, కరువు జిల్లాల్లో జనం పస్తులున్నారు. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన పిటిషను మీద ఆ ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు, ఎండు బియ్యం చాలవు, కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులున్న వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ 2003 జనవరి 2న ప్రాథమిక బడుల్లో వంట మొదలుపెట్టింది. వండే పనిని ఎక్కువగా డ్వాక్రా సంఘాల మహిళలకు అప్పగించింది. వంటఖర్చుకంటూ కేంద్రం డబ్బు ఇవ్వడం మాత్రం 2004 సెప్టెంబరులోనే మొదలైంది: ఒక్కొక్కరికి రోజుకు 1 రూపాయి. అదే ఏడాది ఏప్రిల్ 20న కోర్టు, వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. మూడు కిలోల సంచి ఎన్నటికీ చేయలేని పని ఇది. దళిత స్త్రీ వండిన అన్నం అన్ని కులాల పిల్లలూ ఒకే బంతిలో కూర్చుని తినడం బడి నేర్పే పాఠాల్లో చిన్నదేమీ కాదు.

ఊరి వంట ప్రమాదమనీ, పెద్ద యంత్రాల వంటశాల నుంచి వేడివేడిగా పంపితే శుభ్రంగా ఉంటుందనీ మరో అభ్యంతరం. 2013 జూలైలో బీహార్‌లోని గండమన్ బడిలో 23 మంది పిల్లలు చనిపోయిన సంగతి తలచుకుంటే ఈ భయాన్ని తోసిపుచ్చలేం. అయితే అక్కడ విషం వచ్చింది సర్కారు గింజల్లోంచి కాదు, పురుగుమందు కలిసిన వంటనూనెలోంచి. బస్తాలో రానిదాన్ని ఎవరు కొంటున్నారు, ఎక్కడ దాస్తున్నారు అని చూసేవాళ్ళు లేకపోవడమే ఆ ఘోరానికి మూలం. నగరంలో పెద్ద వంటశాల కుదరవచ్చు. ఊళ్ళు దూరదూరంగా ఉన్న మండలంలో అన్నం చల్లారకుండా చేర్చడం కష్టం, పైగా తల్లులు తొంగిచూసి అడిగే వీలు పోతుంది. దానికి బదులు ఊరి వంటకే మంచి గది, గ్యాసు, నమ్మకమైన సరుకు ఇవ్వడం నయం.

ఇప్పుడు బస్తా బాగుపడింది. ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన బియ్యం రావడం మొదలైంది. డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న పథకంలో గుడ్డు, చిక్కీ ఉన్నాయి. వంట సరుకుకు 2025 మే నుంచి కేంద్రం లెక్క ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి 6 రూపాయల 78 పైసలు, ఆపై తరగతులకు 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకు అన్నీ అందులోనే. వండే మనిషికి కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలని, అదీ ఏడాదికి పది నెలలకని నిర్ణయించి అక్కడే ఆగింది. మన రాష్ట్రం 2019లో గౌరవ వేతనాన్ని 3,000 చేసింది. రోజుకు వంద రూపాయలన్నమాట. బియ్యం ముందే వచ్చి బడిలో ఉంటాయి. బిల్లు మాత్రం వండి వడ్డించాక, ఒక్కోసారి నెలల తరువాత వస్తుంది. ఆ మధ్యకాలమంతా కిరాణా కొట్టులో తన పేరు మీద ఖాతా పెట్టి పప్పూ నూనే తెచ్చేది వండే మహిళే. బియ్యంలాగే వంట డబ్బునూ నెల మొదట్లో ఆమె ఖాతాలో వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పద్దులో తేదీ మార్చితే చాలు.