జొన్న రొట్టె ఎప్పుడు చిన్నబోయింది?

రాత్రికి జొన్న రొట్టె చేస్తానంటే ఇప్పటి పిల్లలు అడిగే మొదటి మాట, "ఎవరికి షుగర్ వచ్చింది?" మా ఇంట్లోనూ అంతే. ఇంటర్ చదివే పిల్లకు రొట్టె అంటే మందుబిళ్లల డబ్బా పక్కన ఉండాల్సిన వస్తువు. మా అమ్మమ్మ తరానికి అదే రోజూ కడుపు నింపిన తిండి. రెండు తరాల్లో ఒక తిండి గింజ మీద ఇంత చిన్నచూపు ఎలా వచ్చింది? ఈ సంగతి తెలిస్తే, పిల్లల చేత మంచి తిండి ఎలా తినిపించాలో కూడా కొంత తెలుస్తుందని నాకు అనిపిస్తుంది.

నిజానికి ఈ చిన్నచూపు కొత్తది కాదు. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో, పల్నాటిలో జొన్న తిండి తప్ప ఇంకేమీ దొరకలేదన్న విసుగు కనిపిస్తుంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్లింటి భోజనం వర్ణన ఉంటుంది. ఒక్క రూకకు దొరికే ఆ భోజనంలో మొదట చెప్పింది సన్న బియ్యపు అన్నాన్నే. అంటే తెల్లన్నం పెద్ద తిండి, జొన్న చిన్న తిండి అనే లెక్క మన సాహిత్యంలోనే ఆరు వందల ఏండ్ల నాడే ఉంది. మన పిల్లలు ఆ లెక్కను కొత్తగా కనిపెట్టలేదు, మన దగ్గరే నేర్చుకున్నారు.

అయినా మన మెట్ట నేలల్లో నడిచింది మాత్రం జొన్నే. సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. అంతకుముందు మెదక్ జిల్లాలో భాగం. చెరువు కింద ఉన్న కాస్త పొలంలో వరి, మిగతా చెలకల్లో జొన్న, మక్క. పండిన జొన్నలు పాతరలోనో గుమ్మిలోనో పోసుకుంటే ఏడాదికి భరోసా. పొద్దున అంబలి, పగటికి గటుక, రాత్రికి రొట్టె. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో.

ఇక్కడ మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. చెలకలో జొన్న ఒంటరిగా ఉండేది కాదు. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, అనుములు, బొబ్బర్లు, గట్టు మీద పుంటికూర. చేనులో ఏవి కలిసి పెరిగాయో కంచంలోనూ అవే కలిసేవి. రొట్టెలోకి పప్పో, పుంటికూరో, నువ్వుల పొడో ఉండేది. ఈ కలగలుపు సంగతి తర్వాత మళ్లీ చెబుతాను, ఎందుకంటే అసలు కిటుకు అందులోనే ఉంది.

మార్పును వేగం చేసిన సంవత్సరం 1983. ఆ ఏడాది జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. దీన్ని తప్పు పట్టే హక్కు కడుపునిండా తిన్న మనకు లేదు. పండుగ నాడు మాత్రమే తెల్లన్నం చూసిన ఇండ్లలో రోజూ పొయ్యి మీద ఎసరు మరిగింది. ఆకలి తగ్గింది. కానీ రేషన్ దుకాణంలో జొన్నలు లేవు. అమ్ముదామంటే వడ్లకు ఉన్నట్టు జొన్నలకు కొనేవాళ్ల వరుస లేదు. బోర్లు వచ్చాయి, పత్తి వచ్చింది, మక్క కోళ్ల దాణాకు పోవడం మొదలైంది. జొన్న చేనుకు పిట్టల కావలి కూడా బరువే అయింది.

పుస్తకాల్లో అంతగా రాయని కారణం ఇంకొకటి, వంటింట్లో నిలబడితే తెలుస్తుంది. జొన్నలను విసుర్రాయిలో విసరాలి, మరిగే నీళ్లతో పిండి కలపాలి, చేత్తో తట్టాలి, పొయ్యి ముందు కూర్చొని ఒక్కొక్కటీ కాల్చాలి. పది మంది ఇంట్లో అది ఆడవాళ్ల నడుము విరిగే పని. బియ్యం అట్లా కాదు, కడిగి ఎసట్లో పోస్తే అయిపోతుంది. జొన్న పోయిందని బాధపడేవాళ్లు ఈ చాకిరీ తగ్గిందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

చిత్రం ఏమిటంటే, అదే 1983లో మన పాత మెదక్ జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి. సతీష్, ఆయన మిత్రులు పల్లె ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు. వాళ్లలో ఎక్కువ మంది దళిత మహిళలు, చిన్న కమతాల వాళ్లు. 1990ల నడుమ వాళ్లు సొంత రేషన్ పద్ధతి నడిపారు. బీడు పడిన చెలకల్లో మళ్లీ జొన్న వేసి, తీసుకున్న అప్పును గింజల్లోనే తీర్చి, ఆ గింజలను ఊర్లోనే దాచి, ఊరి పేదలకే తక్కువ ధరకు ఇచ్చారు. పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఈ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో సతీష్ గారు కన్నుమూశారు.

మన సిద్దిపేట వైపు కథ వేరే దారిన పోయింది. 2020లో రంగనాయక సాగర్, 2022లో మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. నీళ్లు వస్తే రైతు వరి వేస్తాడు, వేయాలి కూడా. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యమే ఇస్తున్నారు. ఒకప్పుడు ఓరుగల్లు పూటకూళ్లింటి గొప్ప ఇప్పుడు అందరి ఇంటికీ వచ్చింది. మంచిదే. మరి పిల్లల సంగతి ఏమిటి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. పదిహేను నుంచి పంతొమ్మిది ఏండ్ల పిల్లల్లో అది ఇంకా ఎక్కువ. ఎత్తు పెరిగే వయసు, నెలసరి మొదలైన వయసు, పొద్దున ఏమీ తినకుండా కాలేజీ బస్సెక్కే వయసు. కడుపు నిండుతున్నది కానీ ఒంటికి పట్టాల్సింది పట్టడం లేదు.

అయితే బియ్యం మానేసి జొన్న పెడితే చాలా? చాలదు. ఇదీ చరిత్ర చెప్పిన మాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక సంగతి రాశారు. జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపిస్తోందని. ఎండ తగిలిన చోట చర్మం నల్లబారి పొలుసులు లేవడం, విరేచనాలు, మనసు దిగులు దాని లక్షణాలు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దానికి కారణమని వాళ్లు అనుకున్నారు. ఆ వివరణ మీద తర్వాత వాదాలు నడిచాయి. కానీ మనకు పనికొచ్చే పాఠం మారలేదు. పప్పు, కూర, పాలు లేకుండా ఒకే గింజ మీద బతికితే ఏ గింజైనా మోసం చేస్తుంది. చెలకలో కంది, పుంటికూర జొన్నతో కలిసి ఎందుకు ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఇట్లాగే ఉన్నాయి. రోజూ వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దు, మిగతాది పప్పులు, కూరలు, పాలు, గింజలు, గుడ్డు, మాంసం నుంచి రావాలి అని. మన పిల్లల కంచంలో అన్నం గుట్టలాగా, కూర బొట్టులాగా ఉంటుంది. ముందు మార్చాల్సింది ఆ కొలత.

గింజల తేడా కూడా ఉంది, కాదనను. ఆ సంస్థ పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, పాలిష్ బియ్యంలో పదికి లోపే. జొన్నల్లో పీచు పది గ్రాములు, పాలిష్ బియ్యంలో మూడుకు లోపు. అందుకే మా ఇంట్లో అన్నం మానలేదు, దాని పక్కన పాత చుట్టాలను కూర్చోబెట్టాం. వారానికి మూడు రాత్రులు రొట్టె. పిండి గిర్నీలో పట్టిస్తాం, తట్టే పని పిల్లలతో పాటు వాళ్ల నాన్న కూడా నేర్చుకున్నారు, ఎందుకంటే చాకిరీ ఒక్కరి మీద పడితే ఏ మంచి తిండీ ఆ ఇంట్లో నిలవదు. పుంటికూర పప్పు, పచ్చిపులుసు ఉంటే రొట్టె దానంతట అదే పోతుంది. పులుపు ఉంటే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు, కాబట్టి చాయ్ గంట తర్వాతే.

సాయంత్రం కాలేజీ నుంచి ఆకలితో వచ్చే వేళకు సర్వపిండి, ఉడికించిన అనుములు, మక్క గారెలు, నువ్వుల ముద్దలు. ఇవి పెట్టేటప్పుడు "ఒంటికి మంచిది బిడ్డా" అని నేను అనను. ఆ మాట వినగానే పిల్లలకు మందు గుర్తొస్తుంది. బతుకమ్మ పండుగ ఈ విషయంలో మనకంటే తెలివైంది. తొమ్మిది రోజుల్లో నువ్వులు, అటుకులు, ముద్దపప్పు, అట్లు, సద్దులు వరుసగా తినిపిస్తుంది, ఎందుకు మంచిదో ఒక్క రోజూ చెప్పదు. పిల్లలు చేతులు చాచి అడుగుతారు.

జొన్న చిన్నబోయింది రుచి వల్ల కాదు, పేదరికం గుర్తుగా మిగలడం వల్ల. ఇప్పుడు రోగం గుర్తుగా మారి రెండోసారి చిన్నబోతోంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు వేరేగా రెండు రొట్టెలు చేసి పక్కన పెట్టే అలవాటు మానేసి, అందరి కంచంలో ఒకే తిండి వడ్డిస్తే చాలు. పిల్లలకు మనం చెప్పే పాఠాల కంటే ఎవరి కంచంలో ఏముందో బాగా కనిపిస్తుంది.