పదిహేనేళ్ల పురుగు

పశ్చిమ ఆఫ్రికాలో వోల్టా నదీ లోయల్లో నేల సారవంతం, నీటికి కరువు లేదు. అయినా 1970ల నాటికి అక్కడ ఎన్నో ఊళ్లు ఖాళీ అయిపోయాయి. రైతులు ఏటి పక్క మంచి పొలాలు వదిలేసి, మెట్ట మీద రాళ్ల నేలలో జొన్న, సజ్జ పండించుకుంటూ బతికారు. ఏటి ఒడ్డునే ఉండిపోయిన కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లలో పదిమందికి ఒకరికి పైగా చూపు లేదు. కర్రకు ఒక కొస పిల్లవాడు, రెండో కొస తాత పట్టుకుని నడవడం అక్కడ రోజూ కనిపించే దృశ్యం.

నదీ అంధత్వం అనే ఈ జబ్బుకు మూలం ఆంకోసెర్కా వాల్వ్యులస్ అనే పురుగు. దాన్ని మోసుకొచ్చేది సిమ్యూలియం అనే చిన్న నల్ల ఈగ. దోమలకు నిలవ నీరు కావాలి. ఈ ఈగకు మాత్రం రాళ్ల మీద ఉరికే నీరే కావాలి, పగటిపూటే కుడుతుంది. ఆడ పురుగు అరమీటరు దాకా పెరిగి, చర్మం కింద గడ్డలో చుట్ట చుట్టుకుని పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. రోజుకు సుమారు వెయ్యి పిల్లలను కంటుంది. కంటికి కనిపించనంత చిన్నవైన ఆ పిల్లపురుగులు చర్మమంతా పాకుతాయి, కళ్లలోకీ చేరతాయి. అవి బతికున్నంతసేపు పెద్దగా అల్లరి ఉండదు. చచ్చినప్పుడే ఒళ్లు తిరగబడుతుంది: భరించలేని దురద, కంట్లో వాపు, ఏళ్లు గడిచేసరికి నల్లగుడ్డు మీద తెల్లని పొర. తల్లి పురుగుకు అంత ఆయుష్షు, పిల్లలు చస్తే అంత ప్రమాదం. ఈ జబ్బు మీద మనుషులు వేసిన ఎత్తులన్నిటికీ ఈ రెండే అడ్డుపడ్డాయి.

పిల్లపురుగులను మొదట చూసినవాడు జాన్ ఓ నీల్ అనే ఐరిష్ నౌకాదళ వైద్యుడు. 1874లో గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, విపరీతమైన దురదతో వచ్చిన రోగుల చర్మం చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, దారపు పోగుల్లాంటివి మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆయన దాన్ని చర్మవ్యాధిగానే చూశాడు. చర్మం ముక్కను ఉప్పునీటి చుక్కలో వేసి, పురుగులు ఈదుకుంటూ బయటికి వస్తాయేమో చూసే పరీక్ష ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఈ జబ్బు నిర్ధారణకు ఆధారమైంది.

కంటితో లంకె తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అదీ ఆఫ్రికాలో కాదు. గ్వాటెమాలా కాఫీ తోటల్లో రొడోల్ఫో రోబ్లెస్ అనే వైద్యుడు 1915లో ఒక పిల్లవాడి నుదుటి మీది గడ్డ కోసి తీస్తే లోపల పురుగులు కనిపించాయి. ఈ గడ్డలున్నవారికే కంటిజబ్బు వస్తోందనీ, కొండవాలులో రెండు ఎత్తుల మధ్యనే జబ్బు ఉందనీ గమనించి, ఆ ఎత్తులో కుట్టే నల్ల ఈగను అనుమానించాడు. ఆ అనుమానాన్ని 1926లో సియెర్రా లియోన్‌లో డోనాల్డ్ బ్లాక్‌లాక్ రుజువు చేశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గోల్డ్ కోస్ట్‌లోని ఫున్సీ అనే ఊళ్లో రోగుల కళ్లు పరీక్షించి, 1945లో ఆ వివరాలు ప్రచురించిన ఆంగ్ల వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. 1949లో శుక్లం తీసిన కంట్లో కృత్రిమ లెన్సు మొదటిసారి అమర్చినవాడూ ఆయనే. నేడు మన ఊళ్లలో ఎందరో బామ్మలు, తాతలు పేపరు చదువుతున్నది ఆ లెన్సు పుణ్యమే.

మందు విషయంలో తెలుగువాడి పేరూ వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్న రోజుల్లో, ఆయన బృందం 1947లో హెట్రజాన్ అనే మందును వెలికితీసింది. బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. నదీ అంధత్వానికీ దాన్నే వాడి చూశారు. పిల్లపురుగులు గబగబా చచ్చాయి, చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక్కసారిగా అన్ని చావడంతో రోగులకు జ్వరం, విపరీతమైన దురద, ఒక్కోసారి మిగిలిన చూపుకూ ముప్పు. మెక్సికోలో లూయిస్ మజ్జోటి 1948లో దీన్ని వర్ణించాడు. ఒక మాత్ర ఇచ్చి దురద వస్తే జబ్బు ఉన్నట్టు తేల్చే పరీక్షగానూ అది మారింది. కొన్నాళ్లు గడిచేసరికి, ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో డీఈసీ ఇవ్వకూడదనే స్థితి వచ్చింది. బోదకాలులో మంచిపేరు తెచ్చుకున్న మందు ఇక్కడ వేగం ఎక్కువై ఓడిపోయింది.

ఇక మిగిలింది ఈగ. 1972లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా పశ్చిమ ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా వెళ్లి, కర్ర కొస పట్టుకు నడిచే ఆ తాతామనవళ్లను కళ్లారా చూశాడు. రెండేళ్లకే ఏడు దేశాల్లో భారీ కార్యక్రమం మొదలైంది. హెలికాప్టర్లు వారం వారం నదుల మీద ఎగురుతూ, రాళ్లకు అంటుకుని పెరిగే ఈగ లార్వాల మీద టెమిఫాస్ చల్లాయి. మన మున్సిపాలిటీలు దోమల లార్వాల మీద చల్లేదీ ఆ మందే. గాలివాటున వందల కిలోమీటర్ల నుంచి ఈగలు మళ్లీ వచ్చిపడుతుంటే పరిధి పదకొండు దేశాలకు పెరిగింది. మందుకు లార్వాలు అలవాటు పడితే మందులు మార్చి మార్చి చల్లారు. ఈగ పోయినా ఒంట్లోని పురుగు పోదు కదా! అది ముసలిదై చచ్చేదాకా కాపలా కాయక తప్పదు. 2002లో ముగిసేనాటికి 6 లక్షల మంది చూపు దక్కిందని, రెండున్నర కోట్ల హెక్టార్ల నేల మళ్లీ సాగుకు అందిందని లెక్క.

ఈలోగా జపాన్‌లో సతోషి ఒమురా మట్టి నుంచి వేరుచేసిన సూక్ష్మజీవి మెర్క్ కంపెనీకి చేరి, విలియం క్యాంప్‌బెల్ బృందం చేతిలో ఐవర్‌మెక్టిన్‌కు దారితీసింది. మొదట అది పశువుల మందు. గుర్రాల్లో దీనికి దగ్గరి జాతి పురుగు పిల్లలు దానికి చస్తున్నాయని తెలిశాక మనుషుల ఆలోచన వచ్చింది. 1981లో మొహమ్మద్ అజీజ్ సెనెగల్‌లో తొలి పరీక్ష నడిపాడు. డీఈసీ పెట్టినంత బాధ ఇది పెట్టలేదు. అయితే తల్లి పురుగును చంపదు. కొన్ని నెలలు పిల్లలు కనకుండా చేస్తుంది, అంతే. కాబట్టి కనీసం ఏటా ఒకసారి, అదీ ఏళ్ల తరబడి మింగాల్సిందే. కొనే స్తోమత లేనివాళ్ల జబ్బు కనుక, అవసరమైనంతా, అవసరమైనన్నాళ్లూ ఉచితంగా ఇస్తామని 1987లో మెర్క్ ప్రకటించింది. ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ దక్కింది.

ఈ మాత్రలు పంచేవాళ్లు ఊరివాళ్లే. తూకం యంత్రం మోయలేరు గనుక గీతలున్న కర్ర పట్టుకుంటారు. మనిషిని దాని పక్కన నిలబెట్టి, తల ఏ గీతకు వస్తే అన్ని మాత్రలు: ఒకటి నుంచి నాలుగు దాకా. 90 సెంటీమీటర్లు లేని పిల్లలకు ఇవ్వరు.

2013లో కొలంబియా, ఆపై ఈక్వడార్, మెక్సికో, గ్వాటెమాలా జబ్బు నుంచి బయటపడ్డాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆఫ్రికాలో తొలి దేశం నైజర్. ఆ ప్రకటన 2025 జనవరిలో వచ్చింది. అమెరికా ఖండాల్లో ఇంకా మిగిలింది వెనెజులా, బ్రెజిల్ సరిహద్దు అడవుల్లోని యానోమామి తెగవారి గూడేలే.