చదువు ఆగినా క్రెడిట్లు పోవు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు 2008లో మహబూబ్‌నగర్‌లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలోనివి. రాష్ట్రంలో డిగ్రీకి క్రెడిట్ విధానం 2016-17 విద్యా సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది.

సెమిస్టరంతా వారానికి ఒక గంట బోధనకు ఒక క్రెడిట్. ప్రయోగాలకు రెండు గంటలకు ఒకటి. పేపరు ఉత్తీర్ణులైతేనే అవి దక్కుతాయి. ఒక పేపరు తప్పితే దాని క్రెడిట్లే ఆగుతాయి. మిగిలినవి గాదెలో పోసిన గింజల్లా భద్రం.

వలసలకు పేరుబడిన పాలమూరులో పనికోసమో, పెళ్లి కారణంగానో చదువు మానినవారికి ఇదే కీలకం. యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం జమయిన క్రెడిట్లు గరిష్ఠంగా 7 సంవత్సరాలు చెల్లుతాయి. ఆ బ్యాంకులో నమోదైన మరో సంస్థలో చేరి చదువు కొనసాగించవచ్చు. అయితే కనీసం సగం క్రెడిట్లు పట్టా ఇచ్చే సంస్థలోనే సంపాదించాలి. చివరి ఏడాదిలో విశ్వవిద్యాలయం మారదలచినవారికి ఈ లెక్కే అడ్డం.

ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, 120 క్రెడిట్లతో మూడేళ్ల డిగ్రీ అన్నది యూజీసీ 2022లో ప్రకటించిన నమూనా. దానిని తమ నిబంధనల్లో చేర్చుకోవలసింది విశ్వవిద్యాలయాలే. కనుక మధ్యలో మానినా డిప్లొమా వస్తుందన్న మాట విని టీసీ తీసుకోవడం తొందరపాటు. ముందుగా పరీక్షల విభాగంలో విచారించడం ఉత్తమం.

ఖాతాను విద్యార్థి డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో తెరవాలి. క్రెడిట్లను జమచేసేది మాత్రం విద్యాసంస్థే. విద్యార్థి స్వయంగా చేర్చుకోలేడు. ఆధార్‌లోని పేరు పదో తరగతి మెమోతో సరిపోకుంటే ముందే సవరించుకోవాలి.