కళ్ళద్దాల పని: వరంగల్‌లో ఆప్టీషియన్ శిక్షణ

కంటి డాక్టరు లేదా ఆప్టోమెట్రిస్టు రాసిన చీటీ చదివి, తగిన అద్దాలు ఎంచి, ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగించి, ముఖానికి కుదిర్చి ఇచ్చేవారు డిస్పెన్సింగ్ ఆప్టీషియన్లు. కంటి పరీక్ష వాళ్ల పని కాదు. కానీ పరీక్ష ఎంత బాగా జరిగినా అద్దం వంకరగా కూర్చుంటే ఆ చీటీ వృథా. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన నగరంలో ఈ విద్యను చాలామంది కాలేజీలో నేర్వలేదు. దుకాణంలో పనివాడి పక్కన నిలబడి నేర్చుకున్నారు.

కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఇక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి చూపు కోసం వరంగల్ బస్సెక్కేవాళ్లకు ఆసుపత్రి తరువాతి మజిలీ కళ్ళద్దాల దుకాణమే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత ప్రారంభమైన కంటి వెలుగు పథకం ఊరూరా శిబిరాలు పెట్టింది. దగ్గరి చూపు అద్దాలను అక్కడికక్కడే ఇచ్చి, మిగతావి నంబరును బట్టి చేయించి తరువాత పంపింది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్లు పెరిగినకొద్దీ మరలు బిగించడం, గీతలు పడ్డ అద్దం మార్చడం, ముక్కు మీద నిలవని ఫ్రేమును సరిచేయడం కూడా పెరుగుతాయి.

పనిలో చేరిన కుర్రాడికి మొదట అప్పగించేవి చిన్న పనులే: అద్దాలు తుడవడం, మరలు మార్చడం, ముక్కు ప్యాడ్లు వేయడం. తరువాత అద్దం పవరును కొలిచే లెన్సోమీటరు ముందు కూర్చోబెడతారు. అసలు చదువు అక్కడ మొదలవుతుంది. చీటీ మీద మైనస్ 2.00, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ 180 అని ఉంటుంది. అదే పవరును మరో డాక్టరు మైనస్ 3.00, సిలిండర్ ప్లస్ 1.00, యాక్సిస్ 90 అని రాస్తారు. కొత్తవాడికి ఇవి రెండు వేర్వేరు నంబర్లుగా తోస్తాయి. నిజానికి రెండింటికీ చేసే అద్దం ఒక్కటే. ఒక రాతను మరో రాతలోకి మార్చడం నోటి లెక్కగా వచ్చేదాకా అతన్ని ఆర్డరు రాయనివ్వకపోవడమే మంచిది.

తరువాతిది పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా 60 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చాలామంది ముక్కు సరిగ్గా మధ్యలో ఉండదు కాబట్టి ఒక్కో కంటికి విడిగా కొలవాలి. 4 డయాప్టర్ల అద్దం కేంద్రం కంటిపాపకు ఎదురుగా కాకుండా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, ఆ కంటి ముందు కాంతిని పక్కకు వంచే 2 ప్రిజం డయాప్టర్ల ప్రిజం పెట్టినట్టే. సెంటీమీటర్లలో ఎంత జరిగిందో దాన్ని పవరుతో గుణిస్తే వచ్చే లెక్క ఇది. అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి, కానీ సాయంత్రానికి తల పగిలిపోతుంది. పెట్టుకున్న మనిషి డాక్టరు నంబరు తప్పు రాశాడనుకుంటాడు. కళ్ళజోడు బీరువాలోకి పోతుంది. ఈ వృత్తిలో తప్పు బయటపడకుండా దాక్కునే చోటు ఇదే, అందుకే శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ కాలం కొలతకే కేటాయించాలి.

అరగదీయడం చేతికి సంబంధించిన విద్య. ఇప్పుడు ఆటోమేటిక్ ఎడ్జర్లు ఫ్రేము ఆకారాన్ని చదివి అద్దాన్ని కోస్తున్నాయి. అయినా చివరి సవరణను సాన మీద చేతితో చేసే ఫిట్టర్లు ఉన్నారు. నిండు ఫ్రేముకు అద్దం అంచు కోసుగా ఉండాలి, నైలాన్ తీగతో పట్టి ఉంచే సుప్రా ఫ్రేముకు అంచులో గాడి తీయాలి, రిమ్‌లెస్‌కు రంధ్రాలు వేయాలి. అద్దం కొంచెం పెద్దదైనా బలవంతంగా బిగిస్తే ఒత్తిడి పడి, ఒక రోజు అంచు దగ్గర చిట్లుతుంది. ఎక్కువ అరగదీస్తే అద్దం ఫ్రేములో తిరిగిపోతుంది, దాంతోపాటే సిలిండరు యాక్సిస్ కూడా.

బిగించిన కళ్ళజోడును తలకిందులుగా బల్ల మీద పెట్టి చూస్తారు. ఫ్రేము పై అంచు రెండు వైపులా, కాడలు రెండూ బల్లను తాకాలి. ఒక మూల లేచిందంటే ఎక్కడో మెలిక ఉన్నట్టే. ముఖం మీద పెట్టాక వచ్చే సవరణలు కొత్తవాణ్ణి తికమక పెడతాయి. కుడి అద్దం పైకి ఉంటే కుడి కాడనూ పైకే వంచాలి. చెవి కదలదు కాబట్టి కాడ పైకి వంగితే ముందున్న అద్దం కిందికి దిగుతుంది. కాడ చివర వంపు చెవి దాటిన వెంటనే రావాలి. ముందే వంగితే చెవి పైభాగం ఒరుసుకుపోతుంది, ఆలస్యంగా వంగితే తల దించినప్పుడల్లా కళ్ళజోడు జారుతుంది.

ఇవన్నీ వచ్చినా ఒక ప్రశ్న అడగడం రాకపోతే శిక్షణ పూర్తి కానట్టే: మీరు ఏం పని చేస్తారు? వరంగల్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేక విలువ ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే కొత్తవాడలో నేతన్న చూపు పుస్తకం దూరంలో ఆగదు, మగ్గం మీదికి చాచిన చేతుల దూరానికి వెళ్తుంది. చత్వారం పూర్తిగా ముదిరిన కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికి 2.50 డయాప్టర్ల సాయం కావాలి. 60 సెంటీమీటర్ల దూరానికి 1.67 చాలు. చదువుకు రాసిన నంబరుతో మగ్గం ముందు కూర్చుంటే ఆయన మెడ ముందుకు సాగదీయాల్సిందే. నంబరు మార్చే అధికారం ఆప్టీషియన్‌కు లేదు. సంగతి తెలుసుకొని, పని దూరం చీటీ మీద రాసి డాక్టరు దగ్గరికి తిరిగి పంపడం మాత్రం అతని బాధ్యత. సరైన అద్దం పని మీద ఎంత ప్రభావం చూపుతుందో అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కార్మికుల మీద జరిపిన పరిశోధన తేల్చింది. అద్దాలు అందుకున్నవారి ఆకు కోత, అందుకోనివారితో పోలిస్తే 21.7 శాతం మెరుగుపడిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించింది.

ఇక చట్టం సంగతి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి, 4 నుంచి 29 మంది ఉన్నవి ఇష్టముంటే తీసుకోవచ్చు. ఆ నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండు పదో తరగతి చదివినవారికి 6,000 రూపాయలు, ఇంటర్ చదివినవారికి 7,000గా పెట్టారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం 2016లో మొదలైంది, దాని కింద కేంద్రం స్టైపెండులో నాలుగో వంతును 1,500 రూపాయలకు మించకుండా భరిస్తుంది. చెయిన్ దుకాణాలకు ఇది అందుబాటులోనే ఉంది. యజమాని, ఒక ఫిట్టరు, ఒక కుర్రాడు ఉండే దుకాణానికి మాత్రం చట్టం తలుపు తెరవలేదు. నిజమైన నేర్పు ఎక్కువగా ఉన్న చోటే కాగితం లేకుండా పోవడం అన్యాయం.

ఇతర దేశాల్లో దారి వేరు. జర్మనీలో ఆప్టీషియన్ కావాలంటే దుకాణంలో పని, వృత్తి పాఠశాలలో చదువు కలిపి మూడేళ్లు గడిపి పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ దగ్గర నమోదు తప్పనిసరి. 16 ఏళ్లలోపు పిల్లలకు కళ్ళద్దాలు ఇవ్వాలంటే నమోదైన నిపుణుడు స్వయంగా ఇవ్వాలి, లేదా పక్కనుండి ఇప్పించాలి. మన దేశంలో ఆప్టీషియన్‌కు అలాంటి లైసెన్సు లేదు. చదువు దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు డిప్లొమాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో గుల్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఇంటర్ చదివిన పల్లె యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా తీర్చిదిద్దుతోంది. వాళ్లు పల్లెల్లోని విజన్ సెంటర్లలో చూపు పరీక్షించి అద్దాలు ఇస్తారు.

వరంగల్ దుకాణంలో పనిచేసే కుర్రాడికి అలాంటి ఏడాది కోర్సు కోసం పని మానుకోవడం సాధ్యపడదు. వారంలో ఒక పూట లెక్కలు, కంటి నిర్మాణం, అద్దాల రకాలు చెప్పి, మిగతా రోజులు దుకాణంలోనే ఉంచి, చివర లెన్సోమీటరు ముందు, సాన ముందు, మనిషి ముఖం ముందు నిలబెట్టి పరీక్షించే ఏర్పాటు అతనికి సరిపోతుంది. ఆసుపత్రి ఇక్కడే ఉంది, మెడికల్ కాలేజీ ఇక్కడే ఉంది, చేయి తిరిగిన ఫిట్టర్లూ ఇక్కడే ఉన్నారు.